నేను ఊది ఆర్పిన కొవ్వొత్తులు

1967లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక లేబొరేటరీలో టెక్నికల్ అసిస్టెంటుని. నూనెలూ సబ్బులూ మైనాలూ పరీక్షించడం మా పని. లేబొరేటరీ అంటే లోపల ఏదో కొత్తది కనిపెడుతుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. మేం కనిపెట్టింది ఏమీ లేదు. వేరుశెనగ నూనెలో ఏం కలిపారు, సబ్బులో తేమ ఎంత, ఆముదం ఎంత చిక్కగా ఉంది, ఇవే. శాంపిల్ వస్తే రిజిస్టర్లో రాసుకోవడం, పరీక్ష చేయడం, రిపోర్టు టైపు చేయించి మా హెడ్‌గారి సంతకానికి పెట్టడం. పదకొండేళ్ళుగా అదే పని. తార్నాకలో మా అద్దె ఇంటి నుంచి పొద్దున్నే నడిచి వస్తూ, సాయంత్రం ఎప్పుడవుతుందా అనుకునేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జరిగినదానిలో సగం ఆ విసుగు చేసిన పనే.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకావిడ వెదురుబుట్ట పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఆమెకన్నా ముందు ఆమె దగ్గు మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బుట్టలో ఆరు చాయ్ గ్లాసులు, వాటి నిండా గడ్డకట్టిన మైనం, మధ్యలో ఒక్కో వత్తి.

"సార్, గివి నేనే చేసిన. మంచిగున్నయా లేవా జూసి ఒక కాగితం రాసియ్యుండ్రి."

పేరు యాదమ్మ. ముషీరాబాద్‌లో పన్నెండేళ్ళు బీడీలు చుట్టింది. ఒడిలో చాట, చాటలో పొగాకు పొడి, పొద్దున్నించి సాయంత్రందాకా అదే గాలి. దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ చూసి, మళ్ళీ పొగాకు చాట ముందు కూర్చుంటే ఈ దగ్గు ఇక నిన్ను వదలదు అని చెప్పేసిందట. ఆడవాళ్ళకి చేతిపనులు నేర్పే చోట ఎక్కడో కొవ్వొత్తులు పోయడం నేర్చుకుని, తార్నాకలో ఒక గది తీసుకుంది. ఆ ఇల్లు మా వీధిలోనిదే, మా ఇంటికి మూడిళ్ళ అవతల. ఇంటావిడ సుబ్బాయమ్మగారు తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తన ఇంట్లో నిప్పుతో పనేమిటని ఆవిడ అభ్యంతరం. యూనివర్సిటీ వాళ్ళు ప్రమాదం లేదని రాసిస్తే ఉండనిస్తాను, లేకపోతే గది ఖాళీ చెయ్యమంది.

"కాగితం లేకుంటే నేను మల్ల తంబాకు కాడికే పోవాలె సార్. నాకు ఇంకో పని రాదు," అంది యాదమ్మ.

అంటే నేను రాయబోయే కాగితం మీద ఆమె ఊపిరి ఆధారపడి ఉంది. అది నాకు ఆ రోజే తెలుసు. తెలియలేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

మొదటి గ్లాసు వెలిగించగానే మంట రెండంగుళాలు లేచి, పావుగంటలో గ్లాసు పైభాగమంతా మసి పట్టింది. వత్తి పట్టి చూస్తే పూజకి చేసుకునే దూది వత్తి, కాస్త పొడుగ్గా.

"దేవునికాడ గిదే పెడతం గద సార్," అంది.

ప్రమిదలో నూనె వేరు, మైనం వేరు. కొవ్వొత్తిలో వత్తి కొళాయి లాంటిది. లావైతే మంట తినగలిగినదానికన్నా ఎక్కువ మైనం పైకి లాగుతుంది, మిగిలింది పొగ అవుతుంది. సన్నమైతే లాగలేక, తన చుట్టూ కరిగిన మైనంలోనే మునిగి ఆరిపోతుంది. గ్లాసులో పోసిన కొవ్వొత్తికి ఇంకో చిక్కుంది. వెలిగించిన గంటన్నరకో రెండు గంటలకో కరిగిన మైనం మడుగు గ్లాసు అంచుదాకా చేరాలి. దాన్ని మెల్ట్ పూల్ అంటారు. చేరకపోతే మధ్యలో గొయ్యి పడి, చుట్టూ మైనం వృథాగా నిలబడిపోతుంది. మరీ త్వరగా చేరితే గ్లాసు కాలిపోతుంది. ఇదంతా చెప్పి, వత్తి మార్చుకుని రమ్మన్నాను. ఇక రాదనుకున్నాను. నిజం చెప్పాలంటే, రాకపోతే బాగుండుననుకున్నాను.

నాలుగోరోజున వచ్చింది. ఈసారి వత్తులు గట్టిగా, సమంగా అల్లి ఉన్నాయి.

"ఇవెక్కడివి?"

"కిరసనాయిల్ స్టవ్ వత్తి కొన్న సార్. పోగులు ఇప్పి, జడ అల్లినట్టు మూడు పాయలు అల్లిన."

నాకది తట్టలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఒక శాంపిల్ చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాను. తొమ్మిది పోగుల వత్తి మునిగిపోయింది. పదిహేను పోగులది పొగ కక్కింది. పన్నెండు పోగులది నిలబడింది గానీ కొసన మసి ముద్ద కట్టింది. వెలిగారం, అంటే బోరాక్స్, కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టమని చెప్పాను. అలా చేస్తే కొస కాస్త వంగి మంట అంచుకి వచ్చి తనంతట తనే కాలిపోతుంది, ముద్ద కట్టదు. అదీ కుదిరింది.

సువాసన దగ్గర మాత్రం ఇద్దరికీ ప్రాణం విసిగింది. పాతబస్తీలో అత్తరు దుకాణం నుంచి మల్లె అత్తరు తెచ్చింది. ఒక్క రాత్రిలో అది మైనంలోంచి బయటికి ఊరి, గ్లాసు పైన చెమట బొట్లలా నిలిచింది. సంపెంగ ఎసెన్సు తెచ్చింది. అలాంటివాటికి ముందు ఫ్లాష్ పాయింట్ చూడాలి. ఇత్తడి గిన్నెలో నూనె పోసి మెల్లగా వేడి చేస్తూ, పైన చిన్న మంట చూపిస్తూ పోతే, ఒక వేడి దగ్గర ఆవిరి భగ్గుమంటుంది. అదే ఫ్లాష్ పాయింట్. సంపెంగ ఎసెన్సు గిన్నె వెచ్చబడీ పడకముందే భగ్గుమంది. అందులో ఏదో చవక ద్రావకం కలిపి పలచన చేశారు. అది పోసిన కొవ్వొత్తి ఇంట్లో పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. చివరికి నిమ్మగడ్డి నూనె నిలిచింది. మైనంలో కలిసిపోయింది, వాసన నిలబడింది, పైగా దోమలకి సరిపడదు. మా హెడ్‌గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏమయ్యా మూర్తీ, ఇది లేబొరేటరీనా, పెళ్ళివారి విడిదా?" అని ఒకటి రెండుసార్లు అన్నారు.

ఇక అసలు పరీక్ష. మా పద్ధతి ఇది. పొద్దున పది గంటలకి వెలిగించి, మూడు గంటలు కాల్చి, ఆర్పి, పూర్తిగా చల్లారనివ్వాలి. మర్నాడు మళ్ళీ మూడు గంటలు. అడుగున అరంగుళం మైనం మిగలగానే పరీక్ష అయిపోయినట్టు. మా దగ్గరున్న పుస్తకంలో అలాగే ఉంది, మేమూ అలాగే చేసేవాళ్ళం. గ్లాసు వేడి, మంట ఎత్తు, మసి, అన్నీ రాసుకున్నాను. అన్నీ బాగానే వచ్చాయి.

మొదటిరోజు ఒంటిగంటకి నేను వంగి, ఒక్కో గ్లాసునీ ఫూ అని ఊది ఆర్పుతుంటే యాదమ్మ గబుక్కున మొహం తిప్పుకుని లెంపలేసుకుంది.

"నోటితోని ఊదుతరా సార్ దీపాన్ని? గట్ల ఊదొద్దు."

"ఇది దీపం కాదమ్మా, శాంపిల్," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. రెండోరోజు, మూడోరోజు ఆ సమయానికి వరండాలోకి వెళ్ళి నిలబడింది. ఆరు గ్లాసులు, మూడు రోజులు, పద్దెనిమిదిసార్లు ఊదాను. ఒక్కసారి కూడా ఆ వరండాలో నిలబడ్డ మనిషి నా పరీక్షకి సంబంధించిన సంగతేదో చెబుతోందని అనిపించలేదు.

'సాధారణ వాడకంలో ప్రమాదం లేదు' అని రిపోర్టు రాశాను. హెడ్‌గారు సంతకం పెట్టారు. యాదమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. సుబ్బాయమ్మగారు రెండుసార్లు చదివించుకుని సరేనన్నారట. సికింద్రాబాద్‌లో ఒక దుకాణం వాళ్ళు గ్లాసులు తీసుకోవడం మొదలుపెట్టారు. రెండు మూడు నెలలు గడిచాయి. వీధిలో ఎదురుపడితే యాదమ్మ దగ్గు తగ్గినట్టే వినిపించేది. నాకు సంతోషంగానే ఉండేది.

శ్రావణమాసంలో ఒక శనివారం పొద్దున ఆమె మళ్ళీ మా లేబొరేటరీకి వచ్చింది. కాగితంలో చుట్టిన పొట్లం నా బల్ల మీద విప్పింది. పగిలిన గ్లాసు అడుగు, మసి పట్టిన రెండు గాజు పెంకులు.

"సుబ్బాయమ్మ చెయ్యి కాలింది సార్. నిన్న శుక్కురారం పొద్దుగాల పూజకాడ పెట్టుకున్నది. పొద్దంత కాలింది. దీపాలు పెట్టే యాళ్ళకు టప్పుమని పగిలింది. మైనం పీటమీద గుడ్డకు అంటుకున్నది. గుడ్డ గుంజబోయి చెయ్యి కాల్చుకున్నది. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమంటున్నది. మీ కాగితం తప్పా సార్, నా చెయ్యి తప్పా?"

నేను మొదట అన్న మాట ఇది. "వత్తి మార్చావా?"

"మీరు చెప్పిన పన్నెండు పోగులే సార్."

"నూనె ఎక్కువ పోశావా?"

"లేదు సార్."

ఆమె నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందులో కోపం లేదు. ఇంతకన్నా ఎక్కువేమీ ఆశించలేదన్నట్టుంది. ఆమె దగ్గర మిగిలిన గ్లాసులు తెప్పించి మళ్ళీ పరీక్షించాను. మూడు గంటలు, ఊదడం, చల్లార్చడం. ఏ లోపమూ లేదు. పోతలోనే ఎక్కడో పొరపాటు చేసి ఉంటుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మర్యాదకోసం ఒక సాయంత్రం సుబ్బాయమ్మగారిని చూడటానికి వెళ్ళాను. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. దేవుడి మందిరం ముందు పీట మీద నల్లటి మచ్చ.

"అడుగుకి వచ్చేసిందని తెలుస్తూనే ఉంది కదండీ, ఆర్పేస్తే పోయేది," అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "దేవుడి ముందు పెట్టిన దీపాన్ని ఊదుతారటండీ ఎవరైనా? అందులోనూ శ్రావణ శుక్రవారం పూట! నూనె దొరక్క కటకటలాడుతున్నాం, మంచి వాసనగా ఉంది కదా అని పెట్టుకున్నాను. అదే కొండెక్కుతుందని ఊరుకున్నాను. మీ ఇంట్లో ఊదుతారా మూర్తిగారూ?"

మా ఇంట్లో ఎవరూ ఊదరు. మా అమ్మ ఊదలేదు, నా భార్య ఊదదు. దీపం ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. ఇంటి గడప దాటి, క్యాంపస్‌లో తెల్లకోటు తొడుక్కున్న తరవాతే నేను ఊదేవాణ్ణి. ఈ ఊళ్ళో ఈ గ్లాసులు కొనే ఇళ్ళలో ఎన్నో అలాంటివే. వాళ్ళ చేతిలో ఇది కొవ్వొత్తి కాదు, దీపం. నేను పరీక్షించింది వాళ్ళు వాడని విధానాన్ని.

మర్నాడు ఆరు గ్లాసులు వెలిగించి ముట్టుకోకుండా వదిలేశాను. సాయంత్రానికి మైనం అడుగంటింది. నిలబెట్టే ఆసరా లేక వత్తి మొదలు పక్కకి ఒరిగి, మంట నేరుగా గాజుకి తగిలింది. ఒకదాని తరవాత ఒకటి రెండు గ్లాసులు పగిలాయి. ఆ చప్పుడుకి పక్కగది నుంచి మనుషులు వచ్చి చూశారు.

హెడ్‌గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. "రిపోర్టు వెళ్ళిపోయింది కదయ్యా," అన్నారు. "మన పద్ధతి ప్రకారం చేశాం, చూసింది రాశాం. ఇప్పుడు తప్పని రాసిస్తే రేపు ప్రతి నూనె వ్యాపారీ వచ్చి మన గుమ్మంలో కూర్చుంటాడు. వదిలెయ్."

వదిలేశాను. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. మొదటిది తెలియక చేసింది. ఇది తెలిసి చేశాను. మూడిళ్ళ అవతలికి నడిచి వెళ్ళి, "సుబ్బాయమ్మగారూ, యాదమ్మ తప్పు లేదండీ, నాది," అని ఒక్క మాట చెబితే సరిపోయేది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. అలిసిపోయి ఉన్నాను. ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది గానీ, లేదు.

దసరా సెలవుల్లో కూరగాయల బండి దగ్గర సుబ్బాయమ్మగారు కనబడ్డారు. చేతికి కట్టు లేదు, ముడతలు పడిన కొత్త చర్మం ఉంది.

"ఆ మనిషి ఎప్పుడో ఖాళీ చేసేసిందండీ. ముషీరాబాద్‌లో మళ్ళీ బీడీలే చుట్టుకుంటోందట. పాపం, పోయేటప్పుడు నా చేతికి రాసుకోమని ఏదో మందు కూడా ఇచ్చి వెళ్ళింది."

అప్పుడు చెప్పాను, ఆ బండి దగ్గరే. ఆవిడ కొన్న కూరగాయలు సంచీలో సర్దుకున్నారు. తరవాత, "ఈ మాట రెండు నెలల కింద చెప్పాల్సిందండీ," అని సంచీ పట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ముషీరాబాద్ వెళ్ళాను. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. యాదమ్మ నన్ను చూసి లేవబోయింది, దగ్గు లేవనివ్వలేదు. గోడ పట్టుకుని దగ్గింది. ఒళ్ళంతా కదిలిపోయే దగ్గు. వేసవిలో మా మెట్లెక్కి వచ్చిన దగ్గుకన్నా పెద్దది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

జరిగింది చెప్పాను. ఊదడం గురించీ, పగిలిన రెండు గ్లాసుల గురించీ, ఊరుకున్న రోజుల గురించీ. అడుగుకి రాకముందే ఆర్పేయాలని గ్లాసు మీద ఒక చీటీ అంటిద్దామన్నాను. ఆమె తునికాకు కత్తిరిస్తూనే వింది.

"చీటీ ఎవలు సదువుతరు సార్? సదివినా ఊదరు. ఊదనోల్లకు ఊదుమని జెప్తే ఇంటరా?" అంది. కత్తెర పక్కన పెట్టింది. "దీపమే తనంతల తాను కొండెక్కాలె. గాజు దాక పోకముందే. గట్ల చెయ్యరాదా సార్?"

పరీక్ష చేసేవాడు మొదటి రోజున వేసుకోవాల్సిన ప్రశ్న అది. దానికి జవాబు కూడా పెద్ద కష్టమైంది కాదు. పాత డబ్బా రేకు కత్తిరించి, అరంగుళం ఎత్తున్న సన్నని గొట్టం చేసి, కింద బిళ్ళకి అతికించి, వత్తి మొదలు అందులో దూర్చాం. మైనం గొట్టం ఎత్తుకి దిగేసరికి వత్తికి ఇక మైనం అందదు. మంట చిన్నదై ఆరిపోతుంది. అడుగున అరంగుళం మైనం మిగిలిపోతుంది, గ్లాసు చల్లగా ఉంటుంది. ఆ బిళ్ళలూ గొట్టాలూ యాదమ్మే చేసింది. నాకన్నా ఆమె చెయ్యి నేర్పైనది.

పరీక్ష రోజున ఆమె పొద్దున ఏడింటికే వచ్చింది. ఆరు గ్లాసులు వెలిగించాం.

"ఊదకుండ ఉంటరా సార్?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

"ఉంటాను."

పొద్దంతా కూర్చున్నాం. మధ్యాహ్నం హెడ్‌గారు గుమ్మందాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయారు. నిమ్మగడ్డి వాసన గదంతా నిండింది. యాదమ్మ దగ్గొచ్చినప్పుడల్లా మంటలు కదలకూడదని కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగేది. సాయంత్రం అయిదు దాటాక మొదటి మంట కుంచించుకుపోయి, నీలంగా అయి, లేకుండా పోయింది. గ్లాసు పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. ఆరింటిలోపు మిగిలిన అయిదూ అలాగే అయిపోయాయి. ఏదీ పగల్లేదు.

"కొండెక్కినయి," అంది యాదమ్మ. ముక్కు మీద చెమట తుడుచుకుంది.

కొత్త రిపోర్టులో, మొదటిసారి కొవ్వొత్తులని చివరిదాకా కాల్చి చూడలేదనీ, ఆ లోపం పరీక్షించినవాడిదేగానీ తయారుచేసినవారిది కాదనీ రాశాను. హెడ్‌గారు దాన్ని రెండు రోజులు బల్ల మీద ఉంచి, మూడోరోజు సంతకం పెట్టారు. నాకు ఒక మెమో కూడా ఇచ్చారు. ఒక కాపీ సుబ్బాయమ్మగారికి నేనే తీసుకెళ్ళి చదివి వినిపించాను. గది అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. బౌద్ధనగర్‌లో తెలిసినవాళ్ళకి చెప్పి యాదమ్మకి ఇంకో గది చూపించింది కూడా ఆవిడే.

ఆ తరవాత ఇరవై మూడేళ్ళు అదే ఉద్యోగం చేశాను. ఏ శాంపిల్ వచ్చినా, ఇది ఎవరి ఇంటికి వెళుతుంది, వాళ్ళు దీన్ని ఏం చేస్తారు అని అడిగి తెలుసుకున్నాకే చెయ్యి పెట్టేవాణ్ణి. 'సాధారణ వాడకంలో' అనే మాట మళ్ళీ రాయలేదు. తప్పు తెలిసిన రోజునే చెప్పడం కూడా నేర్చుకున్నాను. ఈ రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ కష్టపడ్డాను.

యాదమ్మ మళ్ళీ పొగాకు ముట్టుకోలేదు. బౌద్ధనగర్ గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకుని చాలా ఏళ్ళు గ్లాసులు పోసింది. అటు వెళ్ళినప్పుడు పలకరించేవాణ్ణి, చాయ్ ఇచ్చేది. మాట మధ్యలో దగ్గేది. ఎప్పటికీ పూర్తిగా పోలేదు ఆ దగ్గు. అందులో పన్నెండేళ్ళ బీడీలది ఎంత, నేను ఊరుకున్న ఆ రెండు నెలలది ఎంత అని తేల్చే పరీక్ష మా లేబొరేటరీలో లేదు.